ఎన్‌ఎస్‌పీసీసీ 'ప్యాంట్స్' ప్యాక్: ఇంగ్లాండ్ ప్రైమరీ స్కూల్లో పనిచేసే తెలుగు అమ్మగా నా రివ్యూ

పోయిన టర్మ్‌లో మా ఊరి తెలుగు అమ్మల వాట్సాప్ గ్రూపులో ఒకావిడ స్కూల్ నుంచి వచ్చిన లెటర్ ఫోటో పెట్టింది. వచ్చే సోమవారం నుంచి రిసెప్షన్ (నాలుగైదేళ్ళ పిల్లల మొదటి క్లాసు), ఇయర్ వన్ పిల్లలకి పీఎస్‌హెచ్‌ఈ (వ్యక్తిగత, సామాజిక, ఆరోగ్య, ఆర్థిక విషయాలు చెప్పే) క్లాసులో 'ప్యాంట్స్ రూల్' చెప్తాం అని ఉంది అందులో. అంతే, గంటలో అరవై మెసేజీలు. నాలుగేళ్ళ పిల్లలకి ఇవేం పాఠాలు, ఆ రోజు జ్వరం అని చెప్పి మాన్పించేద్దామా, ఇండియాలో ఉంటే ఈ గొడవ ఉండేదే కాదు కదా, ఇలా. నేను రెడింగ్ దగ్గర ఒక ప్రైమరీ స్కూల్లో నాలుగేళ్ళుగా టీచింగ్ అసిస్టెంట్‌గా చేస్తున్నా, ఆ పాఠం చెప్పేటప్పుడు పిల్లల పక్కన కార్పెట్ మీద కూర్చునేది నేనే, ఇంట్లో ఇయర్ వన్ చదివే పాప, ఇయర్ ఫోర్ చదివే బాబు ఉన్నారు. గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడితే ఎవరూ చివరిదాకా వినరు, అందుకే కూర్చుని రాస్తున్నా. స్కూల్లోనూ ఇంట్లోనూ వాడి చూసినదాన్ని కాబట్టి రివ్యూ లాగా రాస్తా, మీరు చదివాక మీ పిల్లల్ని ఆ రోజు పంపాలో వద్దో మీరే చూసుకోండి.

ముందు ఆ పేరు సంగతి, ఎందుకంటే సగం కంగారు అక్కడే మొదలైంది. ఇక్కడ ప్యాంట్స్ అంటే మనం వేసుకునే ప్యాంటు కాదు, దాన్ని వీళ్ళు ట్రౌజర్స్ అంటారు. ప్యాంట్స్ అంటే చడ్డీ. చడ్డీ కప్పే భాగాలు నీ సొంతం, అది ఈ పాఠంలో మొదటి మాట. ఈ ప్యాక్ తయారు చేసింది ఎన్‌ఎస్‌పీసీసీ, అంటే పిల్లల మీద క్రూరత్వాన్ని ఆపడానికి పెట్టిన సంస్థ, 1884లో లండన్‌లో మొదలైంది, అంత పాతది. 2013లో ఈ అండర్‌వేర్ రూల్ ప్రచారం మొదలుపెట్టారు, తర్వాత ప్యాంటోసారస్ అని చడ్డీ వేసుకున్న డైనోసార్ బొమ్మ వచ్చింది, దాని పాట పిల్లలకి ఒక్కసారి వింటే వచ్చేస్తుంది. టీచర్లకి లెసన్ ప్లాను, స్లైడ్లు, పోస్టర్లు, పేరెంట్స్‌కి గైడు, అన్నీ వాళ్ళ వెబ్‌సైట్‌లో ఫ్రీ. ఆటిజం ఉన్న పిల్లలకి, వినికిడి లోపం ఉన్న పిల్లలకి, లెర్నింగ్ డిసెబిలిటీ ఉన్న పిల్లలకి విడిగా కూడా ఉన్నాయి, ఇది చాలా మందికి తెలీదు, మన గ్రూపులోనే ఇద్దరు అమ్మలకి పనికొస్తుంది.

ఇక చట్టం. ఇంగ్లాండ్‌లో 2020 సెప్టెంబర్ నుంచి ప్రైమరీ స్కూళ్ళన్నిట్లో రిలేషన్‌షిప్స్ ఎడ్యుకేషన్ తప్పనిసరి, గవర్నమెంట్ డబ్బుతో నడిచే స్కూళ్ళలో హెల్త్ ఎడ్యుకేషన్ కూడా తప్పనిసరి. ఈ రెండిట్లోంచి మన పిల్లల్ని తప్పించడం కుదరదు. సెక్స్ ఎడ్యుకేషన్ ప్రైమరీలో తప్పనిసరి కాదు, స్కూల్ వాళ్ళు చెప్పాలనుకుంటే సైన్సు సిలబస్‌లో లేనిదాని వరకు పేరెంట్స్ వద్దనొచ్చు, హెడ్ టీచర్ ఒప్పుకోవాల్సిందే. గ్రూపులో ఈ రెండూ కలిపేసి మాట్లాడుతున్నారు. రిలేషన్‌షిప్స్ ఎడ్యుకేషన్ అంటే చిన్న క్లాసుల్లో ఏముంటుందో తెలుసా, స్నేహితుడితో గొడవైతే ఏం చేయాలి, కుటుంబాలు రకరకాలుగా ఉంటాయి, ఎవరి శరీరం వాళ్ళది, ఏ టచ్ మంచిది ఏది కాదు, పెద్దవాళ్ళ సాయం ఎలా అడగాలి. ఇంతే. 2025 జూలైలో గవర్నమెంట్ ఈ పాఠాలు ఎలా చెప్పాలనే గైడెన్స్‌ని మార్చి కొత్తది ఇచ్చింది, 2026 సెప్టెంబర్ నుంచి అమలు. మీ స్కూల్ పాలసీ వెబ్‌సైట్‌లో పెట్టి తీరాలి, వెతికి చదవండి, అర్థం కాకపోతే ఆఫీసులో అడగండి, అడిగితే స్లైడ్లు కూడా చూపిస్తారు.

క్లాసులో ఎలా జరుగుతుందో చెప్తా. మేం సోమవారం మధ్యాహ్నం లంచ్ తర్వాత పెడతాం, పిల్లలు ఆడుకుని వచ్చి కాస్త నెమ్మదిగా ఉంటారు అప్పుడు. మొదట గ్రౌండ్ రూల్స్. ఎవరి పేర్లూ చెప్పకూడదు, ఎవరు మాట్లాడినా నవ్వకూడదు, మాట్లాడాలని లేకపోతే 'పాస్' అనొచ్చు. ఆ పాస్ అనే హక్కు నాకు చాలా నచ్చింది, నేను చదువుకున్నప్పుడు టీచర్ లేపి నిలబెడితే నోరు తెరవాల్సిందే, తెలీదంటే బెంచీ ఎక్కాల్సిందే. తర్వాత డైనోసార్ వీడియో, తర్వాత ఒక్కో అక్షరం గురించి కబుర్లు. మొత్తం ఇరవై ఐదు నిమిషాలు. భయపెట్టే బొమ్మ ఒక్కటి ఉండదు, చెడ్డ మనిషి అనే మాట ఉండదు, లైంగికంగా ఒక్క ముక్క ఉండదు. పాఠమయ్యాక పిల్లలు చడ్డీ బొమ్మకి రంగులేసుకుంటారు. క్లాసులో పిల్లలు చెప్పింది బయట చెప్పడం నా ఉద్యోగానికి కుదరని పని, అందుకే ఇక్కణ్ణుంచి మా ఇంటి సంగతులే రాస్తా.

ప్యాంట్స్ అనే ఇంగ్లీష్ మాటలో ఐదక్షరాలు, ఐదు రూల్స్. పీ అంటే ప్రైవేట్స్ ఆర్ ప్రైవేట్. ఏ అంటే ఆల్వేస్ రిమెంబర్ యువర్ బాడీ బిలాంగ్స్ టు యూ. ఎన్ అంటే నో మీన్స్ నో. టీ అంటే టాక్ అబౌట్ సీక్రెట్స్ దట్ అప్‌సెట్ యూ. ఎస్ అంటే స్పీక్ అప్, సమ్‌వన్ కెన్ హెల్ప్. మా పాప ఇవి గడగడా చెప్పేస్తుంది. కానీ తను ఇంట్లో ఆలోచించేది, ఏడ్చేది, అలిగేది తెలుగులో కదా, భయమేసినప్పుడు కూడా తెలుగులోనే అరుస్తుంది, కాబట్టి ఇవి తెలుగులో కూడా ఉండాలి అనిపించి ఒక ఆదివారం కూర్చుని మేమిద్దరం మార్చుకున్నాం. చడ్డీ కింద ఉన్నది నా సొంతం. నా ఒళ్ళు నాది. వద్దంటే వద్దే. మనసుకి బాధేసే సీక్రెట్ దాచక్కర్లేదు. చెప్తే వినేవాళ్ళు ఉంటారు. రెండోది రాసేటప్పుడు పాప ఆగి, "నా ఒళ్ళు నాది అంటే స్నానం నేనే చేసుకుంటానా" అని అడిగింది, ఆ వారం నుంచి తలంటు తప్ప మిగతా స్నానం తనే చేసుకుంటోంది, బాత్రూమ్ అంతా నీళ్ళే కానీ సంతోషంగా ఉంది.

మొదటి రూల్ దగ్గరే నాకు గట్టిగా తగిలింది. మన ఇళ్ళల్లో పిల్లలు చడ్డీ లేకుండా పరిగెడితే ఏమంటాం, షేమ్ షేమ్ అంటాం, సిగ్గు సిగ్గు అంటాం, పక్కనున్న పెద్దవాళ్ళు కూడా చప్పట్లు కొట్టి నవ్వుతారు. నేనూ అన్నాను, మా బాబుని ఎన్నిసార్లన్నానో లెక్కలేదు. ప్రైవేట్ అంటే నాకు సొంతమైనది, నేను కాపాడుకునేది. సిగ్గు అంటే దాచి పెట్టుకోవాల్సిన తప్పు. రెండిటికీ చడ్డీ ఒకటే, కానీ పిల్ల మనసులో పడే ముద్ర వేరు. సొంతమైనదాన్ని ఎవరైనా ముట్టుకుంటే కోపం వస్తుంది, వచ్చి చెప్తారు. సిగ్గుపడాల్సినదాన్ని ఎవరైనా ముట్టుకుంటే తప్పు తనదే అనుకుని నోరు మూసుకుంటారు. ఇన్నాళ్ళూ ఈ తేడా నాకు తట్టలేదు, ఒక డైనోసార్ బొమ్మ చూసి తట్టింది. ఇప్పుడు మా ఇంట్లో షేమ్ షేమ్ బంద్, "పద చడ్డీ వేసుకుందాం, అది నీ ప్రైవేట్" అంతే.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. ఆ భాగాలకి మన ఇళ్ళల్లో ఒక్కో ఇంట్లో ఒక్కో ముద్దు పేరు, అత్తగారింట్లో ఒకటి పుట్టింట్లో ఒకటి. ఆ ముద్దు పేరుతో మన పిల్ల స్కూల్లో తెలుగు రాని టీచర్ దగ్గరికెళ్ళి "అక్కడ నొప్పి" అని చెప్తే ఆ టీచర్‌కి ఏం అర్థమవుతుంది, ఏదో బొమ్మ పోయిందేమో అనుకుంటుంది. ఒంట్లో బాగోకపోయినా, ఇంకేదైనా జరిగినా, వినేవాళ్ళకి ఒక్క దెబ్బతో అర్థమయ్యే పేరు పిల్లకి తెలిసుండాలి. తెలుగులో ఉన్నవి పుస్తకాల మాటలు, ఇంట్లో ఎవరూ పలకరు, నేనూ పలకలేకపోయా. చివరికి డాక్టర్లు వాడే ఇంగ్లీష్ మాటలు, పెనిస్, వల్వా, అవే మా ఇద్దరికీ చెప్పా, ముక్కు చెవి చెప్పినంత మామూలుగా. మొదటిసారి నా గొంతు వణికింది, పిల్లలకి ఏమీ అనిపించలేదు, "ఓకే" అని వెళ్ళి ఆడుకున్నారు.

ఇక ఎన్, నో మీన్స్ నో. ఇక్కడ మాత్రం మన భాష ఇంగ్లీష్ కన్నా ఒక మెట్టు పైన ఉంది అని నా నమ్మకం. ఇంగ్లీష్‌లో అన్నిటికీ ఒకటే నో. మనకి లేదు వేరు, కాదు వేరు, వద్దు వేరు. 'వద్దు' అనే మాట పుట్టిందే ఎదుటివాడిని ఆపడానికి. ఇంత మంచి మాట చేతిలో ఉండి, చిన్నపిల్లలు వద్దంటే మనం వింటున్నామా? వద్దు అన్నా ఇంకో ముద్ద కుక్కుతాం, వద్దు అన్నా చక్కిలిగిలి పెడతాం, వద్దు అని మొహం తిప్పుకున్నా "తాతకి ముద్దు పెట్టు, పెట్టకపోతే తాత బాధపడతాడు" అంటాం, పెళ్ళిలో ఎవరో దూరపు మావయ్య బుగ్గలు గిల్లి "నా కొడుకుని చేసుకుంటావా" అని ఒళ్ళోకి లాక్కుంటే పిల్ల గింజుకుంటుంటే అందరూ నవ్వుతారు. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు, నిజంగా ప్రేమే. కానీ నీ వద్దుకి విలువ లేదు అని మూడేళ్ళ నుంచి పదేళ్ళ దాకా రోజూ నేర్పి, ఒక్క చెడ్డ రోజున మాత్రం గట్టిగా వద్దను అంటే ఎక్కణ్ణుంచి వస్తుంది?

పోయిన సమ్మర్‌లో తెనాలి వెళ్ళినప్పుడు ఇది నిజంగానే ముందుకొచ్చింది. ఇల్లు చేరి గంట కాలేదు, మా మావయ్య గారు పాపని దగ్గరికి తీసుకుని ముద్దడిగితే ఇది వెనక్కి జరిగి, "ముద్దు వద్దు తాతయ్యా, హై ఫైవ్ ఇస్తా" అంది. గది మొత్తం నిశ్శబ్దం. మావయ్య గారు నా మొహం చూశారు, అత్తయ్య గారు "ఏం నేర్పుతున్నావమ్మా పిల్లకి, తాతని కూడా దూరం పెట్టమనా" అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. రాత్రి భోజనాలయ్యాక ఇద్దరినీ కూర్చోబెట్టి మెల్లగా చెప్పా, అత్తయ్యా ఇది తాతయ్య గురించి కాదు, రేపు ట్యూషన్‌లోనో బస్‌లోనో ఎవరైనా దగ్గరికి లాక్కుంటే వద్దు అనే ధైర్యం దీనికి రావాలంటే మన ఇంట్లో, మన దగ్గరే అలవాటవ్వాలి కదా, మనమే కదా తన వద్దుని గౌరవించాల్సిన మొదటివాళ్ళం అని. మావయ్య గారు ఏమీ అనలేదు, లేచి వెళ్ళిపోయారు, రెండు రోజులు ముభావంగానే ఉన్నారు. మూడో రోజు పొద్దున్న పేపర్ చదువుతూ పాపని పిలిచి "ఇవాళ ముద్దా, హై ఫైవా?" అని అడిగారు. అప్పట్నుంచి మేం తిరిగి వచ్చేదాకా రోజూ అదే ప్రశ్న, కొన్ని రోజులు ముద్దులు కూడా దొరికాయి ఆయనకి.

టీ దగ్గర తేడా ఒకటి బాగా చెప్పాలి పిల్లలకి, సీక్రెట్ వేరు సర్‌ప్రైజ్ వేరు. నాన్న బర్త్‌డేకి కేక్ తెచ్చిన సంగతి దాచడం సర్‌ప్రైజ్, ఆ రోజు రాగానే అందరికీ తెలుస్తుంది, తెలిశాక అందరూ నవ్వుతారు. ఎప్పటికీ చెప్పకూడదు, చెప్తే ఏదో అవుతుంది అని ఎవరైనా అంటే, కడుపులో ఎలాగో ఉంటే, అది అమ్మకి చెప్పాల్సిన సీక్రెట్. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చాక్లెట్ పెడుతూ "అమ్మకి చెప్పకేం" అంటారు చూడండి, నేను దాన్ని కూడా ఆపించా. చాక్లెట్ తిననివ్వండి, కానీ అమ్మకి చెప్పకు అనే మాట పిల్లకి మామూలైపోకూడదు.

డాక్టర్ దగ్గర ఎలా అని చాలా మంది అడిగారు. ప్యాక్‌లో దానికి జవాబుంది. డాక్టర్, నర్సు, ఒక్కోసారి ఇంట్లోవాళ్ళు చూడాల్సి రావచ్చు, అప్పుడు ఎందుకో చెప్పి, సరేనా అని అడిగి చూడాలి. మాకు స్కూల్లో చేరక ముందు వేసే బూస్టర్ ఇంజెక్షన్లప్పుడు ఇది తెలిసుంటే బాగుండేది అనిపించింది.

ఎస్ దగ్గర స్కూళ్ళలో అందరూ చేయించే పని ఒకటుంది, హెల్పింగ్ హ్యాండ్ అంటారు. పిల్ల తన చెయ్యి కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసుకుంటుంది, ఒక్కో వేలి మీద నమ్మకం ఉన్న ఒక్కో పెద్దమనిషి పేరు రాసుకుంటుంది, ఏదైనా బాధేస్తే వీళ్ళకి చెప్తా అని. మా పాప కాగితం ఇంటికి తెచ్చింది. బొటనవేలు అమ్మ, చూపుడువేలు నాన్న, నడిమివేలు వాళ్ళ క్లాస్ టీచర్. ఉంగరపువేలి మీద అమ్మమ్మ. చిటికెనవేలు ఖాళీ. అమ్మమ్మ తెనాలిలో ఉంటుంది, ఇది స్కూల్ నుంచి వచ్చే టైముకి అక్కడ రాత్రి తొమ్మిది. ఆ ఖాళీ వేలు చూస్తే నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. మన ఊళ్ళో అయితే పిన్ని, బాబాయ్, అత్త, పెదనాన్న, పై ఇంటి అక్క, రెండు చేతులు చాలవు. ఇక్కడ మా పిల్లలకి మేమిద్దరమే. మరి ఆ బాధ మా ఇద్దరికీ చెప్పలేనిదైతే?

అక్కడి రెండు చేతుల సంగతి కూడా నిజాయితీగా ఆలోచించాలి. 2007లో మన కేంద్ర ప్రభుత్వ మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12 వేల మందికి పైగా పిల్లల్ని అడిగి ఒక స్టడీ వేసింది. అందులో 53 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు జరిగిందని చెప్పారు, ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, చేసినవాళ్ళలో సగం మంది పిల్లలకి తెలిసినవాళ్ళు, నమ్మినవాళ్ళు, ఎక్కువ మంది పిల్లలు ఎవరికీ చెప్పనే లేదు. చుట్టూ అంతమంది ఉన్నా చెప్పలేదంటే మనుషులు లేక కాదు, చెప్తే నమ్ముతారో లేదో తెలీక. ఇండియాలో ఉంటే ఈ గొడవ ఉండేది కాదు అన్నవాళ్ళు ఈ అంకె ఒక్కసారి చూడండి. 2012లో పోక్సో చట్టం వచ్చింది, 18 ఏళ్ళ లోపు మగపిల్లలకి కూడా సమానంగా వర్తిస్తుంది, విషయం తెలిసి కూడా పోలీసులకి చెప్పకపోతే అది నేరం. పిల్లల కోసం 1098 నంబరు ఉంది, 1996లో ముంబైలో మొదలైంది. మా చెల్లెలి పాప తెనాలిలో మూడో తరగతి, పేరున్న స్కూలే, ఫీజు బాగానే కడతారు, కానీ ఇలాంటి పాఠం ఒక్కటీ లేదు. మా చెల్లి వాళ్ళింట్లో ఆ సమ్మర్‌లో మా పాపే టీచరై తెలుగు రూల్స్ ఐదూ వాళ్ళక్కకి నేర్పింది. మా చెల్లి పక్కన కూర్చుని విని, తర్వాత వంటింట్లోకొచ్చి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

పిల్ల నిజంగా చెప్తే ఏం చేయాలి, ఇది మాకు ట్రైనింగ్‌లో ఏటా చెప్తారు, పేరెంట్స్‌కి ఎవరూ చెప్పరు కాబట్టి రాస్తున్నా. మొహంలో షాక్ కనిపించనివ్వకూడదు. మధ్యలో ఆపకూడదు. "వాడు ఇలా చేశాడా, అలా చేశాడా" అని మనం మాటలు అందించకూడదు, చెప్పు నాన్నా, ఏం జరిగింది, అంతే. ఎవరికీ చెప్పను అని మాటివ్వకూడదు, ఎందుకంటే చెప్పాల్సి వస్తుంది. నువ్వు చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదు అనాలి. స్కూల్లో అయితే పిల్ల అన్న మాటలు ఉన్నవున్నట్టు రాసి ఆ రోజే సేఫ్‌గార్డింగ్ చూసే టీచర్‌కి ఇస్తాం, ప్రతి స్కూల్లో ఒకరుంటారు, మీ స్కూల్లో ఎవరో కనుక్కుని పేరు రాసిపెట్టుకోండి. పెద్దవాళ్ళకి అనుమానం ఉంటే ఎన్‌ఎస్‌పీసీసీ హెల్ప్‌లైన్ 0808 800 5000. పిల్లలు నేరుగా మాట్లాడాలంటే చైల్డ్‌లైన్ 0800 1111, 1986 నుంచి ఉంది, ఫ్రీ. మా బాబుకి ఈ నంబరు నోటికొచ్చు, గుర్తుపెట్టుకోవడం తేలిక కూడా.

ఇప్పుడు దేనికి మార్కులు తగ్గిస్తానో చెప్తా. ఇది మొత్తం పీఎస్‌హెచ్‌ఈ కాదు, అందులో ఒక చిన్న ముక్క. స్నేహాలు, కోపం, నిద్ర, పళ్ళు, రోడ్డు దాటడం, డబ్బు, ఇవన్నీ వేరే పాఠాలు. వాటికి మా స్కూల్ ఏటా డబ్బు కట్టి ఒక స్కీమ్ (రెడీమేడ్ పాఠాల సెట్) వాడుతుంది, పేరు అనవసరం, దాంట్లో ఒక్కో పాఠానికి ముప్పై స్లైడ్లు, చివర్లో రాత పని, మా పిల్లలు మొదటి పది స్లైడ్లకే అటూ ఇటూ దొర్లుతారు, ఆ లెక్కన ఈ ఫ్రీ ప్యాక్ ఎంతో నయం, చిన్నది, సూటిగా ఉంటుంది. ఆ స్కీమ్‌లో నాకు నచ్చింది ఒక్కటే, రోజూ పొద్దున్న పిల్లలు తమ పేరున్న అయస్కాంతం ముక్కని ఎలా ఉన్నామో చెప్పే రంగు మీద పెడతారు. మన పిల్లలకి దానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో, అలక, బెంగ, ఉక్రోషం. బెంగ అంటే ఇంగ్లీష్‌లో ఒక్క మాటలో చెప్పలేక మా టీచర్‌కి ఐదు నిమిషాలు వివరించా, ఆవిడ ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలు ఏడుస్తుంటే "బెంగ?" అని నన్ను అడుగుతుంది.

ఇంకోటి, డైనోసార్ బొమ్మ ఇయర్ టూ, త్రీ వరకు బాగుంటుంది, మా బాబు ఇది చిన్నపిల్లలది అంటున్నాడు ఇప్పుడే. ఐదు, ఆరు క్లాసుల పిల్లలకి ఫోన్లు, గేముల్లో చాటింగ్, ఎవరో ఫోటో పంపమనడం, ఒంట్లో వచ్చే మార్పులు, పీరియడ్స్, వీటికి ఈ ఐదక్షరాలు చాలవు. వాటికి స్కూల్ వేరే పాఠాలు చెప్తుంది, కానీ ఇంట్లో మీరు ముందే మొదలుపెట్టండి, ముఖ్యంగా ఆడపిల్లల అమ్మలు, తొమ్మిదేళ్ళకే మొదలైన పిల్లలున్నారు, ఏమీ తెలీకుండా స్కూల్ బాత్రూమ్‌లో రక్తం చూస్తే ఆ పిల్ల ఎంత హడలిపోతుందో ఆలోచించండి. ఇంకా, చడ్డీ ఒక్కటే గీత అనుకుంటే చిక్కు, వీపు మీద చెయ్యేసినా, జుట్టు నిమిరినా పిల్లకి నచ్చకపోతే అదీ వద్దే. ఇది నేను విడిగా చెప్పుకోవాల్సి వచ్చింది. అక్షరాల కిటుకు ఇంగ్లీష్‌లో ఉన్నంత పొందిగ్గా తెలుగులో కుదరదు, అది భాష సంగతి, ఎవరి తప్పూ కాదు. ఏడాదికొకసారి పాఠం చెప్పి వదిలేస్తే కూడా లాభం లేదు, మేం స్నానాలప్పుడు, స్విమ్మింగ్‌కి వెళ్ళేటప్పుడు, ఎవరింటికైనా స్లీప్‌ఓవర్ అడిగినప్పుడు ఒక్కో రూల్ అనుకుంటాం, రెండు నిమిషాలే.

నాన్నల గురించి ఒక మాట. లెటర్ వస్తే అమ్మలే చదువుతారు, పేరెంట్స్ మీటింగ్ పెడితే అమ్మలే వస్తారు. మా ఆయన మొదట "నువ్వు చూసుకో" అన్నారు, బాబుకి నేను చెప్తే సగం వింటున్నాడు అని తెలిశాక ఆయన కారులో స్విమ్మింగ్ క్లాసుకి తీసుకెళ్తూ తన మాటల్లో చెప్పారు. మగపిల్లలకి ఏమీ కాదు అనే ధీమా మనకి ఎక్కువ, అది తప్పు, వాళ్ళు నాన్న నోటి నుంచే వినాలి.

స్కూల్లో వాడటానికి 5 కి 5. తెలుగు ఇంట్లో 5 కి 4, ఆ ఒక్కటి మనం కూర్చుని మన మాటల్లోకి మార్చుకోవాల్సిన పని కోసం ఉంచా. ఆ పాఠం ఉన్న రోజు జ్వరం అని చెప్పకండి, పంపండి. సాయంత్రం రాగానే ఏం చెప్పారు అని గుచ్చి అడగకండి, తినేటప్పుడు వాళ్ళే పాట పాడతారు, మీరూ పాడండి.

చిటికెనవేలి సంగతి రాయాలి. మా పక్కింట్లో ఒకావిడ ఉంటారు, నర్సుగా చేసి రిటైరయ్యారు, డెబ్బై దాటాయి, పిల్లలతో చెట్ల కుండీల దగ్గర కబుర్లాడతారు. నాలుగు రోజులు తటపటాయించి, ఆ కాగితం పట్టుకుని నేను, మా ఆయన వెళ్ళి బెల్ కొట్టాం, మా పాప మీ పేరు రాసుకోవచ్చా అని అడగడానికి. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నాలుగు పేర్లూ చదివారు, అమ్మమ్మ అంటే ఎవరు అని అడిగారు, చెప్పాం. పాపని పిలవమన్నారు. పాప చేతికి పెన్సిల్ ఇచ్చి, "నువ్వే రాయి, నీకు ఇష్టమైతేనే" అన్నారు. ఇది ఆలోచించి ఆలోచించి, ముందు "మీరు మా అమ్మకి చెప్పేస్తారా" అని అడిగింది. "నువ్వు నాకు ఏం చెప్పావో బట్టి ఎవరికి చెప్పాలో ఇద్దరం కలిసి చూద్దాం, కానీ నీకు అబద్ధం మాత్రం చెప్పను" అన్నారావిడ. పాప ఆవిడ పేరు స్పెల్లింగ్ అడిగి రాసుకుంది, ఆవిడ ఇంటి ఫోన్ నంబరు కింద తనే రాసిచ్చారు. కాగితం ఇప్పుడు ఫ్రిజ్ మీద ఉంది.